సరిగ్గా పలికే గొంతు

గాలి మళ్లడానికి 23 రోజులు

పలకరింపు: ఐదు సరి, ఒకటి తప్పు. నిన్నటి నడక మూడు కోసులు. గవ్వతిట్టకు మిగిలింది డెబ్బై ఆరు కోసులు.

ఓడపేట లెక్కల పుస్తకాల్లో ఇది ముప్ఫై తొమ్మిదోది. అన్నీ నా చేతిరాతే. పేరు సన్యాసమ్మ, వయసు డెబ్బై ఒకటి. రాసినదాన్ని కొట్టివేస్తే పక్కన సంతకం పెడతాను. ఇప్పటికి నాలుగు చోట్ల పెట్టాను.

లెక్క రెండుసార్లు వేశాను. రోజుకు మూడుంపావు కోసుల పైన నడవాలి. మూడే నడుస్తున్నాం. గాలి మళ్లేనాటికి గవ్వతిట్ట దిబ్బ చాటుకు చేరకపోతే మా అరవై రెండు ఇళ్లూ ఒక్క కెరటానికి విడిపోతాయి. రెల్లు కట్టల మీద బల్లలు, బల్లల మీద ఇళ్లు. నారతాళ్లే మాకు పునాది.

సముద్రంలో ఈదుతూ ఊరిని లాగేవి మోపరులనే ఆరు జీవులు. ఒక్కోటి ఆరిళ్ల పొడవుంటుంది. పొద్దున్నే, నీళ్లలోకి దింపిన గుంజ మీద ఇనుప కమ్మీతో ఒక్కోదానికి కొన్ని దెబ్బలు కొడతాను. ఎన్ని కొడితే అన్నిసార్లు మోపరి తన గొంతులోని ఎముక రేకును అంగిలికి కొట్టి పలకాలి. సరిగ్గా పలికినదానికి అదనంగా ఒక బుట్ట నాచు, గొంతుదాకా తోసి పెడతాం. తప్పు పలికితే అది ఉండదు. వరసగా మూడు పొద్దులు అసలు పలకనిదాని మోకు నాలుగో పొద్దున కోసి వదిలేస్తాం. ఈ కట్టుబాటు నాది. మొదటి పుస్తకం మొదటి పేజీలో ఉంది.

ఈరోజు తప్పు పలికింది మొండి. ఎనిమిది కొడితే మూడు పలికి, కాసేపు ఊరుకొని, మళ్లీ రెండు పలికింది. పన్నెండేళ్లుగా దాని తీరు ఇదే. తిట్ట చేరాక దాన్ని వదిలేద్దామని పోయిన సభలో నేనే అన్నాను.

నా మనవరాలు నూకరత్నం నీళ్లలో దిగి మోపరుల ఒళ్లు తోముతుంది, మోకులు చూస్తుంది. ఇరవై ఆరేళ్లొచ్చినా మాటకు మాట మానలేదు. ముందు నడిచే మాణిక్యం బుగ్గలు లోపలికి పోయాయని, నోరు తెరిపించి చూస్తానని పొద్దున అడిగింది. నోరు తెరిపిస్తే మోపరి రెండు రోజులు మేత ముట్టదు. పైగా మాణిక్యం నలభై ఒక్క రోజులుగా ఒక్క దెబ్బ తప్పలేదు. ఒంట్లో బాగాలేనిది అలా పలకలేదని చెప్పాను.

"సరిగ్గా పలికితే సరిగ్గా ఉన్నట్టేనేటి మామ్మా?" అంది.

పని చూసుకోమన్నాను.


20 రోజులు

ఐదు సరి, ఒకటి తప్పు. మూడు రోజుల్లో ఎనిమిదిన్నర కోసులే కదిలాం. మిగిలింది అరవై ఏడున్నర.

మా మరిది తవిటయ్య ఊరిపెద్ద. లెక్క చూపిస్తే గడ్డం గోక్కున్నాడు. "నీ కమ్మీ దెబ్బకి నీటి మీద నురగ కూడా వరసలో నిల్సుంటాది గానీ వదినా, ఈ మోపర్లకేటొచ్చింది?" అన్నాడు. సరిగ్గా పలికేవాటికి రెండో బుట్ట కూడా పెడితే బలం వస్తుందన్నాడు. సబబుగానే తోచి పెట్టించాను. ఇది మొన్నటి మాట. పెట్టిన మర్నాటి నుంచి నడక ఇంకో పావు కోసు తగ్గింది.

బుట్టలు పెరిగాయి, నడక తగ్గింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉండడం నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం మోకుల వెంబడి పడవలో వెళ్లాను. ప్రతి మోకు నడుమా ఒక రాయి వేలాడుతుంది. మోకు బిగిసేకొద్దీ రాయి నీటిమీంచి పైకి లేస్తుంది. మోకులు సాగాయేమో చూడడానికి పెట్టుకున్న రాళ్లివి. మోపరి లాగుడు కొలవడానికి వీటిని ఎన్నడూ వాడలేదు. ఈరోజు వాడాను. మాణిక్యం రాయి నీటికి రెండు బెత్తల ఎత్తులో ఉంది. మిగతా నాలుగూ రెండు, రెండున్నర. ఆరోది ఐదు బెత్తలు. అది మొండి మోకు.

పడవ తిప్పించి మళ్లీ కొలిచాను. ఐదే.


18 రోజులు

ఐదు సరి, ఒకటి తప్పు. మిగిలింది అరవై రెండున్నర కోసులు.

పాత పుస్తకాలన్నీ దింపించి పొద్దుటి నుంచి చూస్తున్నాను. మొదటి పుస్తకంలో పది పలకరింపులకు ఆరు సరి. పదో పుస్తకంలో ఏడు. ఇరవయ్యోదిలో ఎనిమిదిన్నర. ఇప్పుడు, మొండిని పక్కన పెడితే, పదికి పది. ఇన్నేళ్లూ ఇది నా శిక్షణ ఫలమనుకున్నాను. సభలో రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. మొదటి పుస్తకంలో రోజు నడక ఐదు కోసులు.

ఇంకొకటి కనిపించింది. మోపరి ఏడాదికోసారి తోలు వదులుతుంది. ఆ వారం మేత తినదు, ఎవరినీ పట్టించుకోదు. పాత పుస్తకాల్లో ఆ వారమంతా 'పలకలేదు' అని ఉంది; ఆ వారానికి మోకు కోసే కట్టుబాటు లేదు. ఈ ఐదేళ్లలో తోలు వదిలే వారంలో కూడా అన్నీ సరి. నేనే రాశాను. రాస్తూ ఆలోచించలేదు.

మిట్టమధ్యాహ్నం మాణిక్యం కళ్ల మీదికి తోలు దించుకొని నిద్రపోతుంది. రత్నాన్ని దాని కంటి దగ్గర నిలబెట్టి, నేను గుంజ దగ్గరికి వెళ్లి తొమ్మిది కొట్టాను.

తొమ్మిది పలికింది.

రత్నం నీళ్లలోంచి చెయ్యెత్తింది. మాణిక్యం కన్ను తెరవలేదట. రెక్క కదపలేదట. మళ్లీ ఆరు కొట్టాను. నిద్రపోతున్న జీవి ఆరూ లెక్క తప్పకుండా పలికింది.

రేపు నోరు తెరిపించమని రత్నానికి చెప్పాను. అది అప్పుడే దీపం తుడవడానికి వెళ్లింది.


17 రోజులు

మిగిలింది అరవై.

మాణిక్యం దవడల మధ్య దుంగ నిలబెట్టి, రత్నం అద్దాల దీపంతో నడుముదాకా లోపలికి వెళ్లింది. నూరు లెక్కపెట్టేలోగా వెనక్కి వచ్చింది.

"పలికే ఎముక లేదు మామ్మా. ఆ సోట్లో పీత కూకుంది. నాకేసి సూస్తంది."

పీత అని అది అన్నందుకు నేనూ పీత అనే రాస్తున్నాను. అడుగున్నర వెడల్పు, రక్తం రంగు. ఎనిమిది కాళ్లూ గొంతు కండలోకి దిగి వేళ్లూనాయి. మోపరి ఎముక రేకు ఉండాల్సిన చోట దాని వీపు చిప్ప సరిగ్గా అమరింది. గొంతులోకి వచ్చే మేత ముందు దాని నోటికే అందుతుంది. కింద రక్తం తాగుతుంది. లాగబోతే రత్నం చూపుడువేలు ఎముకదాకా తెగింది.

రత్నం మళ్లీ లోపలికి వెళ్లి, తను అక్కడ ఉండగానే నన్ను గుంజ కొట్టమంది. నాలుగు కొట్టాను. పీత కాళ్ల మీద లేచి చిప్పను అంగిలికి నాలుగుసార్లు కొట్టిందట. ఆ చప్పుడుకు తన చెవులే మూసుకుపోయాయని, గొంతు పక్కనే చెవి ఉన్న మోపరికి బయటి మాట ఇంకేం వినబడుతుందని రత్నం అడిగింది. ఈమధ్య ఆగమన్నప్పుడు ఊరు ఆలస్యంగా ఆగుతోంది. బరువు పెరిగిందనుకున్నాం.

మిగతా ఐదింటి నోళ్లూ తెరిపించి చూడమన్నాను. నాలుగింటిలో ఉంది. మొండి గొంతు శుభ్రంగా ఉంది.

మొండి గొంతులోకి పీత పిల్లలు వెళ్లకపోయి ఉండవు. కానీ తప్పులు పలికే మొండికి ఎన్నడూ అదనపు బుట్ట లేదు. అక్కడ ఆకలికి చచ్చి ఉంటాయి. బుట్ట దొరికే గొంతుల్లోవి బతికాయి. వాటిలోనూ దెబ్బలను సరిగ్గా తిరిగి కొట్టగలిగినవి బాగా తిని, ఎక్కువ గుడ్లు పెట్టాయి. రెండేళ్లకో తరం అనుకుంటే ముప్ఫై ఎనిమిదేళ్లకు పంతొమ్మిది తరాలు. ప్రతి తరంలోనూ తప్పు పలికేదాన్ని ఏరేసి, సరిగ్గా పలికేదానికి చేత్తో మేత పెట్టి పెంచింది నేను.

కూర్చొని రాశాను. లేచి బానలు లెక్కపెట్టడానికి వెళ్లాను. ఎందుకో రేపు రాస్తాను.


16 రోజులు

మిగిలింది యాభై ఏడున్నర.

బానల సంగతి. పోయిన ఏడు ఒక ఇంట్లో కూరకని తెచ్చిన పీత వానబానలో పడితే, కాసేపటికే కాళ్లు వదిలేసి తేలింది. తాగే నీళ్లు పాడుచేసినందుకు ఆ ఇంటికి రెండు చెంబులు కోత పెట్టాను, పుస్తకంలో ఉంది. ఉప్పునీటి పురుగుకు మంచినీళ్లు పడవు. గొంతులో మంచినీళ్లు నిలబెడితే ఈ పీత కూడా పట్టు వదలాలి.

రత్నం కొలిచి చెప్పింది: ఒక్కో గొంతుకు మూడు బానలు. ఐదింటికి పదిహేను. మా దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. ఊరు రోజుకు రెండు బానలు తాగుతుంది. గాలి మళ్లితేగాని వాన లేదు. మనిషికి నాలుగు చెంబులిచ్చేది మూడు చేస్తే రోజుకు బానన్నర, పదహారు రోజులకు ఇరవై నాలుగు. పదిహేనూ ఇరవై నాలుగూ ముప్ఫై తొమ్మిది. రెండు బానలు మిగులు.

సభలో ఇదంతా చదివాను. చెంబు తగ్గించినందుకు కొందరు గొణిగారు. బాలింతలకూ జ్వరం ఉన్నవాళ్లకూ ఆ రెండు బానల్లోంచి ఇస్తానంటే ఊరుకున్నారు. అసలు అడ్డు తవిటయ్య దగ్గర వచ్చింది. ఎముక ఎప్పుడో అరిగిపోయింది, పీత పోయాక మాణిక్యం దేనితో పలుకుతుందని అడిగాడు.

పలకదన్నాను. ఎముక మళ్లీ పెరగవచ్చు, పెరగకపోవచ్చు.

"మూడు పొద్దులు పలక్కపోతే మోకు కొయ్యాల. అది నువ్వు పెట్టిన కట్టుబాటే గదా వదినా. ఎందుకు పెట్టేవో మర్సిపోనావేటి?"

మరిచిపోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఒక మోపరి పిలిచినా పలకకుండా, మోకుతో సహా లోతుకు మునిగింది. పదకొండు ఇళ్లు దాని వెంట వెళ్లాయి. చివరి ఇంట్లో మా ఆయన అప్పన్న ఉన్నాడు. తవిటయ్యకు అన్న. మర్నాడే మొదటి పుస్తకం మొదలుపెట్టాను. మన మాట వింటోందని ప్రతి పొద్దునా రుజువు ఇవ్వని జీవికి ఊరిని కట్టకూడదని రాశాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. రుజువు ఏదన్న దగ్గరే పొరపాటు పడ్డాను.

తవిటయ్యతో ఒప్పందం చేసుకున్నాను. ముందు మాణిక్యానికే చేద్దాం. మూడు పొద్దులు ఆగుదాం. నాలుగో పొద్దున అది మన మాట వింటోందని నేను చూపించలేకపోతే మోకు కోయవచ్చు. కత్తి నేనే అందిస్తానన్నాను. మాణిక్యం లేకుండా ఊరు గవ్వతిట్ట చేరదని ఇద్దరికీ తెలుసు.


15 రోజులు

మిగిలింది యాభై ఐదు. బానలు: మూడు ఖర్చు, ఊరికి ఒకటిన్నర.

మాణిక్యం తలను వాలు బల్ల మీదికి లాగి, గొంతు వెనక తోలుసంచి కుక్కి, బానలు ఒకటొకటిగా పోశాం. రెండో బానకు ఏం కాలేదు. మూడోది సగం పోసేసరికి రత్నం "వదిలీసింది" అని అరిచి, రెండు చేతులతో బయటికి లాగింది. మాణిక్యం ఒక్కసారి ఒళ్లంతా విదిలించింది. రక్తం చాలా పోయింది. మోకు వదులు చేసి దాన్ని విశ్రాంతికి వదిలాం.

పీతను ఉప్పునీటి తొట్టిలో వేయించాను, జనం చూడాలని. అందరూ వెళ్లాక పుస్తకం తెరిచి, కలం బల్ల మీద ఐదుసార్లు తట్టాను. తొట్టిలోంచి ఐదు చప్పుళ్లు వచ్చాయి. ఏడు తట్టాను. ఏడు వచ్చాయి. తర్వాత దాని నోరు నీటిమీదికి లేచి, బుట్ట కోసం తెరుచుకుంది.

ముప్ఫై ఎనిమిదేళ్లు నేను మెచ్చుకున్నది దీన్ని. తొట్టి ఎండలో పెట్టి నీళ్లు పారబోయించాను.


12 రోజులు

మాణిక్యం పలకలేదు. మొన్నా పలకలేదు, నిన్నా పలకలేదు. మేత మాత్రం నిన్నటి నుంచి తింటోంది. అది లాగకపోవడంతో రోజుకు రెండు కోసులే. మిగిలింది నలభై తొమ్మిది.

మధ్యాహ్నం మాణిక్యానికి మోకు మళ్లీ బిగించాం. తవిటయ్య వచ్చి ఒడ్డుబల్ల మీద కూర్చున్నాడు. కత్తికి పదును పెట్టించానని చెప్పాడు. నీళ్లు కావాలా అని అడిగితే తన మూడు చెంబులూ అయిపోయాయన్నాడు. నా చెంబులోంచి సగం పోశాను. పుస్తకంలో రాయవద్దన్నాడు. రాశాను.


11 రోజులు

మిగిలింది నలభై ఏడు.

నాలుగో పొద్దు. ఊరంతా ముందు బల్లల మీదికి వచ్చింది. మాణిక్యం అప్పటికే లాగుతోంది. రాయి మూడు బెత్తల ఎత్తులో ఉంది.

పలకరింపు కొట్టాను. ఆరు. జవాబు లేదు. తవిటయ్య లేచాడు. నేను కత్తి తీసి అతని చేతికిచ్చి, మరో చేతిని మాణిక్యం మోకు మీద పెట్టించాను. రాయిని చూడమన్నాను.

ఆగమనే పిలుపు రెండు నెమ్మది దెబ్బలు. పలకరింపుకు జవాబు కోసం చెవి ఒగ్గినట్టే దీనికీ చెవి ఒగ్గడం మాకు అలవాటు. ఈసారి ఎవరూ ఏమీ వినబోవడం లేదని ముందే చెప్పి, రెండు కొట్టాను.

నీళ్లలో చప్పుడు లేదు. లోపల ముప్ఫై దాకా లెక్కపెట్టుకున్నాను. ముప్ఫై నాలుగో అంకె దగ్గర రాయి కదిలింది. మూడు బెత్తలు, రెండు, ఒకటి. నీళ్లలో మునిగింది. తవిటయ్య చేతికింద మోకు మెత్తబడింది.

"ఆగింది," అన్నాడు.

నడవమనే పిలుపు కొట్టాను. మోకు మళ్లీ బిగిసి రాయి పైకి లేచింది. ఇంకోసారి ఆపమన్నాడు. ఆపాను. మరోసారి అన్నాడు. ఐదుసార్లు ఆపాను, ఐదుసార్లు ఆగింది. మూడోసారి నుంచి ఇరవైలోపే ఆగింది. పీత ఇంకా గొంతులోనే ఉన్న మరో మోపరి లచ్చికి అదే పిలుపు ఇస్తే గొంతు రెండుసార్లు టకటకమంది, రాయి అంగుళం దిగలేదు.

తవిటయ్య కత్తి బల్ల మీద పెట్టి చాలాసేపు మోకు పట్టుకొనే ఉన్నాడు. "అన్న పోయిన పొద్దు మోకు మీద సెయ్యేసి సూసుంటే తెలిసుండేదేటి వదినా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆ రోజు అంకెలు నా దగ్గర లేవు.


8 రోజులు

మిగిలింది ముప్ఫై తొమ్మిదిన్నర. బానలు లెక్క ప్రకారం ఉన్నాయి.

మిగతా నాలుగు గొంతుల్లోంచీ పీతలు తీయడం అయింది. రత్నం చేతికి అలవాటైంది. లచ్చికి రక్తం చెంబెడు కూడా పోలేదు. ఒక్కోదానికి ఒక్క రోజే విశ్రాంతి ఇచ్చాం. ఇకనుంచి రోజుకు ఐదు నడవకపోతే కుదరదు. మొదటి పుస్తకంలో ఐదు నడిచాం. ఊరు అప్పుడింత బరువు లేదు. మోపరులు మాత్రం అవే.

నిన్న మొండికి బుట్ట పెట్టాను, పన్నెండేళ్ల తర్వాత. వాసన చూసి వెనక్కి జరిగింది. రత్నం నవ్వాపుకోలేకపోయింది. "నీ సేత్తో పెడితే నమ్మలేదు మామ్మా," అంది. దాని చేత్తో పెడితే తింది.

మేత ఇక రాయి ఎత్తును బట్టి. పలకరింపు కొడతాను, జవాబు రాసుకుంటాను. దానికి బుట్ట లేదు. ఇకమీదట ఏటా నాలుగుసార్లు అన్ని నోళ్లూ తెరిపించి చూడాలి.


3 రోజులు

ఐదు రోజుల్లో ఇరవై నాలుగున్నర నడిచాం. మిగిలింది పదిహేను. అందరి పెదవులూ పగిలాయి. చంటిపిల్లల తల్లులకు మిగులు బానల్లో ఒకటి ఇచ్చేశాను. పడమట మబ్బు ఉంది. గాలి ఇంకా అటే. ఈరోజు ఎక్కువ రాయను, రాళ్లు కొలవాలి.


గాలి మళ్లిన రోజు

పొద్దెక్కేసరికి గవ్వతిట్ట చాటులోకి చివరి ఇల్లు వచ్చింది. అరవై రెండు లెక్కపెట్టాను. పడవలో తిరిగి రెండోసారి లెక్కపెట్టాను. మధ్యాహ్నం గాలి మళ్లింది. తిట్టకు అవతల కెరటాలు మా ఇంటి కప్పులకు రెండింతలు లేస్తున్నాయి. ఇక్కడ చెంబులో నీళ్లు తొణకడం లేదు. వాన మొదలైంది. బానల మూతలన్నీ తీయించాను.

తవిటయ్య తడుస్తూ వచ్చి, మొండిని వదిలేయాలన్న తీర్మానం సంగతేమిటని అడిగాడు. మొహంలో నవ్వు దాచుకోలేదు. ఆ పేజీ తీసి కొట్టివేసి సంతకం పెట్టాను. ఐదోది. తర్వాత మొదటి పుస్తకం తెప్పించాను. మొదటి పేజీలో 'పలకకపోతే' అన్న మాట కొట్టివేసి, 'ఆగమంటే ఆగకపోతే' అని రాశాను. ఆరో సంతకం. సిరా ఆరేదాకా తవిటయ్య పుస్తకం మీద తన తువ్వాలు పట్టాడు.

సాయంత్రం పలకరింపు కొట్టే వేళ కాదు. అయినా కమ్మీ తీసుకొని గుంజ దగ్గరికి వెళ్లాను. మాణిక్యానికి తొమ్మిది కొట్టాను.

వాన చప్పుడులో ముందు వినబడలేదు. రత్నం నా మోచెయ్యి పట్టుకుంది. నీళ్లలో చాలా మెత్తగా, లేత ఎముక చప్పుడు. నాలుగు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకొకటి.

మాణిక్యం: తొమ్మిదికి ఐదు. తప్పు.

నేను, సన్యాసమ్మ, నా చెవులతో విని రాశాను.